నేను సదవని ఏడో కథ

నవ్వుండ్రి. మీరు నవ్వుతరని తెల్సే చెప్తున్న. గని చాయ్ కప్పు కింద పెట్టి నవ్వుండ్రి, లేకుంటే ముక్కులకెల్లి వస్తది. ఒక మనిషి ఆరేండ్లకు సొంత అన్న గడప తొక్కిండు, బంతిల కూసున్నడు, ఇస్తరాకుల అన్నం గూడ వడ్డించిండ్రు. ముద్ద నోట్ల పెట్టకుంట లేశిపోయిండు! ఎవ్వలి వల్ల? నా వల్ల. నేను ఆయన్ను తిట్టిన్నా? లేదు. కొట్టిన్నా? లేదు. ఒక మంచి కథల పుస్తకం చెప్పిన. గంతే!

మీల కొందరికి తెల్వదేమో, నేను బడిల చెప్పేది సోషల్. ఇరవై ఏండ్ల సంది గీ ఇబ్రహీంపట్నంలనే ఒక ప్రైవేట్ స్కూల్ల చెప్తున్న. గని బయట నన్ను ఎవ్వలు సోషల్ సార్ అనరు, "కథల సార్" అంటరు. ఎందుకంటే నాకొక వాట్సాప్ గ్రూపున్నది. ప్రతి ఆదివారం పొద్దుగాల దాంట్ల ఒక పుస్తకం గురించి వాయిస్ మెసేజ్ పెడ్త. "మిత్రులారా, ఈ వారం మీరు తప్పక చదవవలసిన కథలు..." అని షురూ చేస్తే, ఆ గొంతు ఇని నా మీద నాకే గౌరవమొస్తది. మెడికల్ షాపాయన, బ్యాంకు మేడం, ప్లాట్లు అమ్మే పోరగాండ్లు, అందరు దండం బొమ్మలు పెడ్తరు. గా దండాలే నన్ను ఆగం చేసినయ్.

అసలు సంగతి చెప్త, ఎవ్వలికి చెప్పకుండ్రి. నేను పుస్తకాలు సదవ. అంటే, పూర్తిగ సదవ. ఒకప్పుడు సదివేటోన్ని. కాలేజీల ఉన్నప్పుడు అన్నం తినుడు యాదిమర్శి సదివేటోన్ని, అబద్ధం గాదు. ఫోన్ వచ్చినంక ఖతం. రెండు పేజీలు తిప్పంగనే చెయ్యి దానంతలదే జేబులకు పోతది. గందుకని ముందుమాట సదువుత, మొదటి కథ సదువుత, ఎనుక అట్ట మీద నాలుగు లైన్లుంటయి, అవి సదువుత. చాలు, అరగంట మాట్లాడొచ్చు! ముందుమాట రాసినాయన అన్ని కథలు సదివే రాస్తడు గదా, మల్ల నేనెందుకు సదవాలె అనుకునేటోన్ని. ఇగ ఆయన సదివిండో లేదో ఆయనకే ఎరుక.

ఈ సంగతి తెల్సింది ఒక్క మా ఇంటామె సరితకే. "కూర పొయ్యి మీద పెట్టకముందే ఉప్పు సరిపోయిందనే మనిషివి నువ్వు" అంటది. నేను నవ్వేటోన్ని. ఆమె మాట అప్పుడే ఇంటే గింత దూరం రాకపోవు.

ఇగ జంగయ్యన్న ముచ్చటకొస్త. మాకు పాలు పోస్తడు. మా పక్క ఊర్లె తాతల నాటి సంది ఎవుసం చేసే ఇల్లు వాళ్లది. ఇద్దరన్నదమ్ములు, జంగయ్య పెద్దోడు, సత్తయ్య చిన్నోడు. బాపు పోయినంక భూమి రెండు ముక్కలు చేసి, పెద్దమనుషుల నడుమ చీటీలు ఏసుకున్నరు. జంగన్నకు రోడ్డు పక్క ముక్కొచ్చింది, సత్తయ్యకు చెరువు పక్క ముక్కొచ్చింది. అప్పుడు రెండింటికి పెద్ద ఫరక్ లేకుండె. తర్వాత ఏమాయె? మీకు తెల్వందేమున్నది, రోడ్డు పక్క ముక్క ప్లాట్లాయె. చెరువు పక్కది నీళ్లొస్తే మునుగుతది, దాంట్ల ఇల్లు కట్టుకోనియ్యరు, అమ్ముదమంటే కొనేటోడు లేడు. ఒకనాడు మందిల నిలవడి సత్తయ్య నోరు జారిండు: "చీటీలల్ల మా అన్న మోసం చేసిండు." ఆ ఒక్క మాటకు ఆరేండ్లు మాటల్లేవు. సత్తయ్య పెండ్లాం పిల్లలను తీస్కొని నాదర్‌గుల్ పోయి కిరాణా దుకాణం పెట్టుకున్నడు.

జంగన్న మోసం చేసే మనిషా? పాలల్ల నీళ్లు కలుపుడు గూడ చేతగాదు ఆయనకు. ఆ మాట మాత్రం ఆయన కడుపుల ముల్లు లెక్క ఉండిపోయింది.

మొన్న ఇబ్రహీంపట్నంల కొత్త ఇల్లు కట్టిండు జంగన్న. "సార్, అందరొచ్చి వాడు రాకుంటే నాకా ఇల్లెందుకు?" అన్నడు నాతోని, పాల క్యాన్ కింద పెట్టి. పెండ్లాం లక్ష్మమ్మను తీస్కొని నాదర్‌గుల్ పోయిండు పిలువనీకి. మొదటి సారి పోతే సత్తయ్య షట్టర్ గుంజిండంట. రెండోసారి లక్ష్మమ్మ వదినె బయటనే మెట్ల మీద కూసొని, "నువ్వు బొట్టు పెట్టిచ్చుకునే దాక ఈడికెల్లి లెవ్వ మరిదీ" అన్నదంట. గప్పుడు పెట్టిచ్చుకున్నడు. "వస్త" అన్నడు. ఆ ఒక్క మాట మాకు చెప్పుకుంట జంగన్న ఏడ్శిండు. గింత పెద్ద మనిషి, మా వాకిట్ల, టవాల అడ్డం పెట్టుకొని.

గసువంటి ఇంట్ల ఏలు పెట్టిన నేను!

"సార్, వచ్చినోళ్లకు రిటర్న్ గిఫ్ట్ ఏమియ్యాలె? మా ఆమె స్టీలు డబ్బలంటుంది" అన్నడు.

"స్టీలు డబ్బలా! జంగన్నా, ఇప్పటికే ఇండ్లల్ల డబ్బలు పెట్టనీకి డబ్బలు సాల్తలేవు. ఒక కథల పుస్తకం ఇయ్యి. ఇబ్రహీంపట్నంల ఇంతవరకు ఎవ్వలియ్యలే. మంది పదేండ్లు యాదిల పెట్టుకుంటరు!"

లక్ష్మమ్మ వదినె నా మొకం సూశింది. "పుస్తకంల పప్పు పోసుకుంటరా సార్?"

"వదినే, పప్పు తెల్లారేసరికి అరుగుతది, కథ జన్మంత ఉంటది" అన్న. ఏం డైలాగ్! అట్లనే ఉన్నది జన్మంత, నాకు.

జంగన్నకు నా మీద మస్తు నమ్మకం. ఆయన పేపర్ల హెడ్డింగులే సదువుతడు, గని సదివినోళ్లంటే ప్రాణమిస్తడు. "సార్ చెప్పిండంటే ఐపోయింది" అన్నడు. నేనొక పుస్తకం ఏరిన. పదకొండు కథలు. పేరు చెప్ప, రాసినాయన తప్పు ఇసుమంత లేదు. ముందుమాటల "మట్టి మనుషుల అనుబంధాలకు అద్దం పట్టిన కథలు" అని ఉండె. అనుబంధాలు! గృహప్రవేశానికి ఇంకేం గావాలె? మొదటి కథ సదివిన, ఒక ముసలామె, ఆమె కోడలు, మంచిగున్నది. నూటయాభై కాపీలు తెప్పిచ్చిన. అట్టపెట్టెలు మా ఇంట్లనే దించిండ్రు. సరిత వాటిని సూశి అడిగింది: "మొత్తం సదివినవా?"

"ముందుమాట సదివిన."

"గది అడగలే."

"నువ్వు పో, నీకు తెల్వదు" అన్న.

ఊకుంటనా? ఇంకొక తెలివి చేసిన. ప్రతి పుస్తకంల మొదటి పేజీకి ఒక స్టిక్కర్ ఏపిచ్చిన. జంగన్న, లక్ష్మమ్మ వదినె ఫోటో, కింద "మా గృహప్రవేశ కానుక". దాని కింద నా సొంత కవిత్వం: "ఇందులోని ప్రతి కథా మా మనసులోని మాటే." జంగన్నకు సదివి ఇనిపిస్తే "అబ్బ, ఏం రాసినవ్ సార్" అన్నడు. నేను గూడ అబ్బ అనుకున్న.

గృహప్రవేశం రోజు పొద్దుగాల పాలు పొంగిచ్చుడు, వ్రతం అన్ని మంచిగైనయ్. పుస్తకాలు పోయేటప్పుడు ఇస్తే మర్శిపోతరని, నేనే గేటు కాడ నిలవడి వచ్చినోళ్లకు వచ్చినట్టు మనిషికొకటి చేతుల పెట్టిన. ఇస్తిరి జుబ్బా, నెత్తికి నూనె, మొకం నిండ నవ్వు. ఇల్లు నాదే అనుకున్నరు కొందరు.

పదకొండున్నరకు సత్తయ్య వచ్చిండు. స్కూటీ మీద, ఎనుక పెండ్లాం పుష్ప, ఆమె ఒళ్లె అన్నవదినెకు పెట్టనీకి బట్టల సంచి. జంగన్న లోపలికెల్లి ఉరికొచ్చిండు. ఇద్దరు ఎదురెదురు నిలవడ్డరు. జంగన్న చెయ్యి లేపి తమ్ముని భుజం మీద ఏసిండు, సత్తయ్య దాన్ని తీయలే. లక్ష్మమ్మ వదినె పుష్ప చెయ్యి వట్టుకొని లోపలికి తీస్కపోయింది. సుట్టాలందరు సూశి సూడనట్టు సూస్తున్నరు. నాకు గూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. తిరిగితే తుడుసుకొని ఊకోవాలె గదా? లేదు! ఉరికిపోయి ఇద్దరికి రెండు పుస్తకాలు చేతుల పెట్టిన. "సత్తయ్యా, తప్పక సదువు, మీ అన్న కానుక" అన్న.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలె. నూటయాభై పుస్తకాలిచ్చిన గదా, ఒక్కలన్న తెరిసిండ్రా? లేదు. కొందరు ఇసురుకున్నరు, కొందరు కుర్సీ మీద జాగ కోసం పెట్టిండ్రు, ఒకామె పిల్లగాని కింద పరిశింది. గని సత్తయ్య వేరు. దుకాణంల పొట్లం కట్టే కాయిదం గూడ రెండు దిక్కుల సదివినంకనే కట్టే మనిషి. మొదటి బంతి లేశే దాక కూసోవాలె గదా, పందిట్ల ఒక మూలకు కూసొని పుస్తకం తెరిసిండు. స్టిక్కర్ సదివిండు. ఇషయసూచిక సూశిండు. ఏడో కథ పేరు ఒక్కటే మాట, "చీటీలు". గది తీసిండు.

నేను దూరంకెల్లి సూశి మురిసిన. అగో, ఒక్కడన్న సదువుతున్నడు అని!

రెండో బంతికి పిలిశిండ్రు. జంగన్న తమ్మున్ని తన పక్క కూసోవెట్టుకున్నడు. ఆకులేసిండ్రు, బగార అన్నం, వంకాయ కూర, పప్పు, అన్ని వడ్డించిండ్రు. సత్తయ్య చేతుల పుస్తకం అట్లనే ఉన్నది, నడుమ ఏలు పెట్టి మూసిండు. మొకం ఎర్రగున్నది. ఎండకేమో అనుకున్న. నేను ఎదురుంగ నిలవడి, "పప్పు పోయుండ్రి, ఈడ పప్పు!" అని హుకుంలు చేస్తున్న.

"సార్" అని పిలిశిండు సత్తయ్య. "గీ పుస్తకం ఎవ్వలు ఏరిండ్రు?"

పందిరంత సూస్తుంది. మెడికల్ షాపాయన ఉన్నడు, బ్యాంకు మేడం ఉన్నది. ఛాతి గింత ఉబ్బింది నాకు. "నేనే! ఒక్కొక్క కథ ఏరి కోరి సదివి మీ అన్నకు చెప్పిన."

"ఏడో కథ గూడ సదివినవా?"

దేవుని సాక్షిగ చెప్తున్న, ఏడో కథ ఏందో నాకు తెల్వదు. తెల్వదంటే ఏమైతుండె? ఆడ "జర సదవలే తమ్మీ" అంటే రెండు నిమిషాలు నవ్వుతుండ్రి, ఐపోతుండె. గని కథల సార్ నోట్లకెల్లి గా మాట ఎట్లొస్తది!

"ఏడో కథనా! అది వజ్రం! దానికోసమే గదా ఈ పుస్తకం తీస్కున్నది. మీ అన్నకు గూడ అదే చెప్పిన, ఏం జంగన్నా?"

పాపం జంగన్న, తమ్ముడు మాట్లాడుతున్నడన్న సంబురంల ఉన్నడు. ఏం తెల్వక తలకాయ ఊపిండు. "అవ్, సార్ చెప్పిండు, మస్తుగున్నదంట" అన్నడు.

సత్తయ్య ఆకు దిక్కు సూశిండు. అన్న దిక్కు సూశిండు. పుస్తకం కుర్సీ మీద బోర్ల పెట్టి లేశిండు. "పుష్పా, నడు" అన్నడు. బట్టల సంచి లోపల దేవుని కాడ పెట్టింది ఆమె, పోయి మల్ల పట్కొచ్చింది. ఎవ్వలు ఏమన్నది లేదు, కొట్లాట లేదు. స్కూటీ చప్పుడు ఇనవడ్డది, పోయిండ్రు.

జంగన్న ఎంగిలి చెయ్యితోనే గేటు దాక ఉరికిండు. "నేనేమన్న సార్? ఏమన్న నేను?" అని నన్నడుగుతున్నడు. నేను గా పుస్తకం తీసి సూశిన. వంట గిన్నెల పక్కన నిలవడి నాలుగు పేజీలు సదివిన. గా కథల ఇద్దరన్నదమ్ములు. భూమి పంచుకోనీకి చీటీలేస్తరు. అన్న ఒక చీటీ మూల మడత పెట్టి మంచి ముక్క గుంజుకుంటడు. తమ్మునికి చెరువు మునక. అన్న పెద్ద ఇల్లు కడ్తడు, మంది ఏమనుకుంటరో అని తమ్మున్ని గృహప్రవేశానికి పిలుస్తడు!

రాసినాయనకు జంగన్న తెల్వదు, సత్తయ్య తెల్వదు. మా దిక్కు భూమున్న ఏ ఇంటి తలుపు కొట్టినా గిదే లొల్లి, ఆయన రాసిండు. దాన్ని ఏరి, మీద "మా మనసులోని మాటే" అని స్టిక్కర్ కొట్టి, తమ్ముని చేతుల పెట్టింది మాత్రం నేను.

ఇప్పుడు చెప్పేది ఇంటే మీరు నన్ను కొడ్తరు. జంగన్న బండి తాళం తీసిండు. "నేను పోయి తోల్కొస్త, గీడనే ఉంటడు" అని. నేను హ్యాండిల్ పట్టుకున్న. "వద్దన్నా, ఇంటినిండ సుట్టాలుండంగ నువ్వు పోతే బాగుండదు. కోపం సల్లారనియ్యి, రేపు పోదువు" అన్న. ఎందుకన్న? మర్యాద కోసమా? థూ! ఇద్దరు తొవ్వల కలుస్తే ఏడో కథ బయటికొస్తది, నా ఇజ్జత్ పోతది. గందుకన్న. జంగన్న నా మాట ఇన్నడు. సదివినోన్ని గదా నేను.

తెల్లారి జంగన్న ఫోన్ చేస్తే సత్తయ్య ఎత్తలే. ఎందుకు లేశిపోయిండో తెల్వకుంట ఏ మొకంతోని పోవాలె అని జంగన్న గూడ నాదర్‌గుల్ పోలే. జంగన్న పాలు పోయనీకి వచ్చినప్పుడల్ల, "నేనేమన్న సార్?" అనే అడుగుతున్నడు. నేను తలుపెనుక నిలవడి గిన్నె మాత్రం బయట పెడ్తున్న. ఆదివారం గ్రూపుల మెసేజ్ పెట్టలే. "ఆరోగ్యం బాగలేదా సార్" అని అడిగిండ్రు. అవ్, నిజంగనే బాగలేదు, ముద్ద దిగుతలేదు. పన్నెండు రోజులు గట్ల తిరిగిన.

పదమూడో రోజు సరిత నా షర్టు తెచ్చి మంచం మీద ఏసింది. "ఏస్కో. నాదర్‌గుల్ పో."

"ఏం చెప్పాలె పోయి?"

"సదవలే అని చెప్పు. ఒక్క మాటనే గదా. నువ్వు గా ఒక్క మాట దాస్తే, ఆడ ఇద్దరన్నదమ్ములు ఇంకో ఆరేండ్లు మొకాలు సూసుకోరు. నీ పేరు గొప్పదా, వాళ్ల బతుకులు గొప్పయా?"

పోయిన. సాగర్ రోడ్డు మీద తొవ్వంత ప్రాక్టీస్ చేసుకుంట పోయిన. "సత్తయ్యా, జీవితంలో కొన్నిసార్లు..." అని షురూ చేద్దమా, "చూడు తమ్మీ, సాహిత్యం అనేది..." అని షురూ చేద్దమా? దుకాణం ముందట బండి దిగంగనే అన్ని మర్శిన. సత్తయ్య కౌంటర్ల కూసొని ఉన్నడు. ఎనుక గోడకున్న మొలకు బట్టల సంచి అట్లనే ఏలాడుతున్నది, విప్పలే. కౌంటర్ మీద పుస్తకం! పుష్పకిచ్చిన రెండో కాపీ.

"రా సార్" అన్నడు, మొకంల నవ్వు లేదు. "మిగిల్న పది కథలు గూడ సదివిన. మంచిగున్నయ్."

"సత్తయ్యా, నేనా పుస్తకం సదవలే" అన్న.

గప్పుడే నెత్తి మీదికెల్లి ట్రైనింగ్ విమానం పోయింది. నాదర్‌గుల్ల విమానాలు నడుపుడు నేర్పే బడున్నది, గా విమానాలకు టైం పాడు లేదు గదా!

"ఆఁ? ఏందీ?"

"సదవలే!"

"జర గట్టిగ చెప్పు సార్, ఇనవడ్తలేదు."

"నేను! గా పుస్తకం! సదవలే!" అని గొంతు చించుకున్న. సరిగ్గ ఆ ముక్కకు విమానం సప్పుడు ఆగిపోయింది. కోడిగుడ్లకొచ్చిన ముసలాయన, సబ్బుకొచ్చిన ఆమె, ఎదురుంగ మంగలి దుకాణంల సబ్బు నురుగు మొకాలు, అందరు నా దిక్కు మల్లిండ్రు. ముసలాయన "సదవకుంటే ఏమాయె, ఏడువకు బిడ్డా" అన్నడు.

సత్తయ్య సూస్తున్నడు. "మరి వజ్రమంటివి?"

"నోటికొచ్చింది అనేసిన."

"అన్నకు గదే చెప్పిన అంటివి?"

"అబద్ధం. మీ అన్న పుస్తకం తెరువనే లేదు. స్టిక్కర్ల మాట గూడ నాదే. జంగన్నకు గా కథల ఏమున్నదో ఇయ్యాల్టికి తెల్వదు తమ్మీ. నేనేమన్న నేనేమన్న అని పన్నెండు రోజుల సంది నన్నే అడుగుతున్నడు."

పుష్ప లోపలికెల్లి మంచినీళ్లు తెచ్చింది. "గా కథల తమ్ముడు అన్నం తినకుంట లేశిపోతడు సార్" అన్నది. "సదివిండు గదా ఈయన. నేను తింటే వానికన్న సిగ్గులేనోన్ని గానా అని లేశిండంట. నేను తొవ్వల మిర్చి బజ్జీలు తిన్న, ఆకలైంది. ఈయన తినలే."

పుస్తకం నా ముందటికి జరిపిండు సత్తయ్య. "సదువు."

"ఏంది?"

"ఏడో కథ. ఈడనే కూసొని, ఆఖరి దాక, బయటికి సదువు. ఏం పంచినవో నీకు గూడ తెల్వాలె గదా."

బియ్యం బస్త మీద కూసొని సదివిన. తొమ్మిది పేజీలు. కోడిగుడ్ల ముసలాయన పోలే, ఇనుకుంట నిలవడ్డడు. ఆఖరికి తమ్ముడు అన్నం తినకుంట ఊరి తొవ్వ పట్టుకుంటడు. నడుసుకుంట నడుసుకుంట ఎనుకకు తిరిగి సూస్తడు, అన్న పిలువనీకి వస్తున్నడేమో అని. ఎవ్వలు రారు. గంతే కథ. గా ఆఖరి లైన్ మల్లొకసారి సదివిన. నిజంగనే వజ్రమది!

"నేను గూడ ఎనుకకు సూశిన సార్" అన్నడు సత్తయ్య, తక్కెడ పళ్లెం తుడుసుకుంట. "తొవ్వల బొంగ్లూర్ గేటు కాడ బండి ఆపి సూశిన. ఎవ్వలు రాలే."

ఇగ చెప్పకుంటే నేను మనిషినే గాదు. "వస్తుండె సత్తయ్యా. మీ అన్న బండి తాళం తీసిండు. నేను హ్యాండిల్ పట్టుకొని ఆపిన. నా బండారం బయటవడ్తదని ఆపిన."

పుస్తకం సదవలే అంటే కోపం చేయలే గని, గీ మాటకు సత్తయ్య మొకం మారింది. ఒక్కటి కొడ్తడనుకున్న. కొడ్తే బాగుండు అనిపిచ్చింది. పన్నెండు రోజులల్ల మొదటిసారి నేను దాసేది ఏం లేకుంట ఒక మనిషి ముందట కూసున్న. ఆ గృహప్రవేశం మల్ల రాదు. పొంగిన పాలు మల్ల పొంగయ్. అన్న పక్క తమ్ముడు కూసున్న గా బంతి మల్ల పడదు. గది నేను ఎట్ల తెచ్చియ్యాలె?

సత్తయ్య ఫోన్ తీసిండు. "అన్నా" అన్నడు. "నేను సత్తిని." "తిన్నవా?" అన్నడు సత్తయ్య. తర్వాత ఇద్దరు ఏం మాట్లాడిండ్రనుకున్నరు? బోరు మోటర్ గురించి! కాలిందంట, చుట్టిపియ్యాలె అంటే, ఈడ ఒకాయన మంచిగ చుడ్తడు తీస్కరా అని. ఆరేండ్ల తర్వాత అన్నదమ్ములు పది నిమిషాలు మోటర్ ముచ్చట పెట్టుకున్నరు. పుష్ప గోడకు మల్లి కండ్లు తుడుసుకుంటున్నది. ఆఖరికి సత్తయ్య, "అవ్, సార్ ఈడనే ఉన్నడు... ఆఁ... సదవలేదంట" అన్నడు. అవతల జంగన్న ఏమన్నడో నాకు ఇనవడలే.

"ఏమన్నడు తమ్మీ?" అని అడిగిన, పానం గుప్పిట్ల పెట్టుకొని.

"తినకుంట పంపకు అన్నడు."

తిట్టినా బాగుండు. ఆ మాటకు నా కండ్లు ఆగలే. పుష్ప పళ్లెం పెట్టింది, జొన్న రొట్టె, పచ్చిపులుసు. ఒక మనిషిని ఆకు ముందటికెల్లి లేపినోన్ని, ఆ మనిషి ఇంట్లనే పళ్లెం ముందట కూసున్న. తలకాయ ఎత్తకుంట తిన్న.

నడిమిట్ల సత్తయ్య అడిగిండు: "సార్, దుకాణంల పొద్దు పోతలేదు. ఇంకో మంచి కథ ఏదన్న చెప్పు. గని ఒక్క షరతు. నువ్వు ఆఖరి దాక సదివిందే చెప్పాలె."

రొట్టె చేతుల అట్లనే ఉన్నది. ఆలోచన చేసిన. పోయిన ఆదివారాలన్ని తిరగేసిన. ముందుమాటలు యాదికొస్తున్నయ్, ఎనుక అట్టలు యాదికొస్తున్నయ్, మొదటి కథలు యాదికొస్తున్నయ్. పదేండ్లు ఎనుకకు పోయినా ఒక్క ఆఖరి పేజీ యాదికొస్తలేదు. సత్తయ్య ఊకోడు, అట్లనే సూస్తున్నడు. ఆఖరికి నిజమే చెప్పిన.

"ఒక్కటే ఉన్నది సత్తయ్యా. ఇందాక బియ్యం బస్త మీద సదివింది."

"గది నువ్వు నాకు చెప్పే కథ గాదు సార్" అన్నడు సత్తయ్య, నా పళ్లెంల ఇంకో రొట్టె ఏసుకుంట. "నేను నీకు చెప్పిన కథ!"